ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా

పాత నావిగేషన్ స్క్రీను విప్పడం ఇరవై నిమిషాల పని అని లెక్క వేసుకున్నాను. మూడు స్క్రూలు, ఒక క్లాంపు, ట్యాంకు కింద నుంచి బ్యాటరీ దాకా పోయే ఒక తీగ. ఆదివారం పొద్దున ఇంటి ముందు బండికి స్టాండు వేసి ట్యాంకు ఎత్తాను. హ్యాండిలు మెడ దగ్గర ఆ తీగ గుండ్రంగా ఒక చుట్ట చుట్టుకుని ఉంది. చుట్ట లోపల నల్ల టేపు బిగించిన వలయం ఒకటి. వాషరేమో అనుకున్నాను కానీ అంత పెద్ద వాషరు ఏ బండిలోనూ ఉండదు. గోటితో టేపు చివర పట్టి లాగాను. టేపు కింద సైకిల్ ట్యూబు పొర వచ్చింది. దాని కింద ఆకుపచ్చగా ఏదో మెరిసింది.

అమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏందిరా అది?"

"తెలీదు. తీగతో పాటు ఉంది."

ఇటివ్వమని చేయి చాపింది. రెండు వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "గాజురా ఇది. మట్టిగాజు. నీ బండిలోకి ఆడమనిషి గాజు ఎట్లొచ్చింది?"

ఆ చూపు నా గడిచిన మూడేళ్ళ జీవితాన్ని ఒకసారి సోదా చేసి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆమెకే తట్టింది. ఆ బండి ట్యాంకును నేను కాక ఎత్తినవాడు ఒక్కడే.

"మా అన్న పని," అంది, గాజును ఒళ్ళో పెట్టుకుంటూ.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. మార్కాపురంలో కంభం రోడ్డు మీద, పలకల ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని, రేకుల షెడ్డులో బండ్ల వైరింగు పని చేసేవాడు. ఒకప్పుడు అమ్మ గ్రైండరు బాగుచేసిచ్చాడు. అప్పటి నుంచి ఆమెకు అన్న, నాకు మామ. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన పోవడంతో మా ఇంట్లో ఒక సమస్య కూడా మిగిలింది. కొత్త స్క్రీను వారం రోజులుగా డబ్బాలోనే ఉంది. ఈసారి నేను హిమాలయాల దాకా పోవాలి, ఇరవై రెండు రోజులు. అమ్మ ఒక్కటే ప్రశ్న అడుగుతోంది: "పోయినసారి మా అన్న పూచీ పడినాడు. ఈసారి ఎవురు పడతారు?"

ఆ పూచీ కథ చెప్పాలంటే నేను చేసిన తప్పు ముందు చెప్పాలి.

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. దూరాలు తిరగడానికని బండి కొన్నప్పుడు దానికి బిగించవలసిన పద్నాలుగు వస్తువుల జాబితా రాసుకున్నాను: నావిగేషన్ స్క్రీను, ఫోను స్టాండు, రెండు ఛార్జింగు సాకెట్లు, ఫాగ్ లైట్లు, టైర్లలో గాలి ఎంతుందో చూపే మీటరు, కెమెరా స్టాండు, దిక్సూచి, గాలి హారను, హ్యాండిలు సంచి, ఇంకా అలాంటివే, చివరన టీ కప్పు పెట్టుకునే ఉంగరం. కొలతలు తీసుకుని అన్నీ నేనే బిగించాను. తీగలన్నీ ఒక్క వరసలో, ఎక్కడా వదులు లేకుండా, ప్లాస్టిక్ టైలతో కట్టాను. ఫోటో తీసి స్నేహితులకు పంపేంత అందంగా వచ్చింది.

తొలి పరీక్షకు గిద్దలూరు దాటి దిగువమెట్ట ఘాటుకు పోయాను. మంచి మలుపు కనిపిస్తే బండిని వెనక్కి తిప్పుదామని హ్యాండిలు కుడికి పూర్తిగా తిప్పాను. టప్పున శబ్దం వచ్చింది. స్క్రీను ఆరిపోయింది, మీటరు ఆరిపోయింది, ఇంజను ఆగిపోయింది. హ్యాండిలు నిటారుగా ఉన్నప్పుడు బిగించి కట్టిన తీగ తిప్పేసరికి తెగి ఇనుముకు తగిలింది. స్క్రీనుకు కరెంటు మీటరు తీగ నుంచే తీసుకున్నాను కాబట్టి మీటరుకూ ఇంజనుకూ కలిపి ఉన్న ఒక్క ఫ్యూజూ పోయింది. విడి ఫ్యూజుల డబ్బా ఇంట్లో ఉండిపోయింది, నా పద్నాలుగింటి జాబితాలో అది లేదు. అడవిలో ఫోనుకు సిగ్నలు లేదు. చివరికి బండి గిద్దలూరు నుంచి ట్రాలీ ఆటోలో, తాళ్ళతో కట్టేసిన దున్నపోతులా, మా వీధిలోకి వచ్చింది.

అమ్మ ఏమీ తిట్టలేదు. ఆటో నుంచి బండి దిగేదాకా చూసి, "ఇది అన్న చూసి సరే అన్నాకనే మళ్ళీ గేటు దాటేది," అంది. కొంకణ తీరానికి పన్నెండు రోజుల ప్రయాణం, ఆఫీసులో సెలవు, అన్నీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి.

షెడ్డులో ఆయన నా వైరింగును పావుగంట సేపు చూశాడు. లుంగీ, జేబులో మూడు బలపాలు, చెవి మీద టెస్టరు.

"బొమ్మ గీసినట్లుంది అల్లుడూ. పటం కట్టి గోడకి తగిలించుకో. తిరిగే బండికి మాత్రం పనికి రాదు."

"ఎక్కడ తప్పు మామా?"

"తీగకి గూడా ఒళ్ళు ఇరుసుకునేందుకు తావుండాలబ్బా. నువ్వు దాన్ని కుర్చీకి కట్టేసినావు."

ఆయనకు తీగలన్నీ చుట్టాలే. ఎర్ర తీగ అల్లుడు. మర్యాద తగ్గితే అలుగుతాడు, ఎక్కువైతే ఇల్లు కాలుస్తాడు, అందుకని మధ్యలో ఫ్యూజు అనే పెద్దమనిషి ఉండాలి. నల్ల తీగ మా అత్త, అంటే ఆయన భార్య. "ఎవురు ఏమన్నా మీ అత్త భూమిలోకి దింపేస్తాది, మోసుకోని తిరగదు." అత్త ఆ పక్కనుంచే టీ గ్లాసులు తెస్తూ, "మోసేది నాకు తెలుసులే," అనేది. చేతి నిండా ఆకుపచ్చ గాజులు.

ఆయన కాగితం వాడడు. ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన అంచు విరిగిన పలకలు గోడ వారగా పేర్చి ఉంటాయి, బండికొక పలక. వైరింగు అంతా దాని మీద గీస్తాడు. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచేస్తాడు. ఫోటో తీసుకుంటానని ఒకసారి అడిగాను. "బండిలో ఉండేది మళ్ళీ పలక మీద ఎందుకు?" అన్నాడు. దానికి జవాబుగా నేను చెప్పదలచుకున్న ఆరు కారణాల్లో మొదటిది పూర్తయ్యేసరికి పలక ఆరిపోయింది కూడా.

ఆయన పాత మోపెడ్‌కు కూడా నావిగేషన్ స్క్రీను ఉండేది. ఎవరో పగిలిందని పారేస్తే అద్దం మార్చి బిగించుకున్నాడు. ఇల్లు షెడ్డు వెనక సందులోనే, నడిస్తే మూడు నిమిషాలు. అయినా రోజూ సాయంత్రం ఇంటికి దారి పెట్టుకుని బయలుదేరేవాడు. స్క్రీను ఎడమకు తిరగమంటే కుడికి తిరిగి కూరగాయల అంగడి మీదుగా పోయేవాడు. అది మళ్ళీ లెక్క వేసుకుని కొత్త దారి చెప్పేది. "సరేలే తల్లీ, నీ మాటా వింటాలే," అనుకుంటూ ఇంకో సందులో దూరేవాడు. "ఎన్నిసార్లు తప్పు పోయినా ఇసుక్కోదు చూడు. మీ అత్తకి చూపించాలనే పెట్టినా," అనేవాడు.

ఘాటులో ఆరిపోయిన నా స్క్రీను మళ్ళీ వెలగలేదు. ఇంకోటి ఎంచుకోవడంలోనే ఆయనతో మూడు రోజులు గడిచాయి. నాకు మూడు దారులున్నాయి: పెద్ద ఫోనునే వాడటం, దారి చూపడానికే చేసిన చిన్న నావిగేటరు, లేదా జేబులోని ఫోను నుంచి బొమ్మ తెచ్చుకుని చూపే ఐదంగుళాల స్క్రీను. వెలుతురు, నీటికి ఆగే శక్తి, చేతి తొడుగులతో తాకితే పలకడం అని గడులు గీసి మార్కులు వేశాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మిట్ట మధ్యాహ్నం నన్ను ఊరి బయట పలకరాతి గుట్టల దగ్గరికి తీసుకుపోయాడు. ఆ రాతి చెక్కల మీద ఎండ పడితే కళ్ళు తెరవలేం.

"ఈడ కనపడేది యాడైనా కనపడతాది."

మూడింటినీ రాళ్ళ మీద వరసగా పెట్టి పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది. నావిగేటరులో దారికీ, పక్కన పొలానికీ తేడా తెలియలేదు. నేను హెల్మెట్టు పెట్టుకుని, ఖరీదైన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మూడోదాన్ని చూశాను. అంతా నలుపే.

"ఇదీ పోయింది మామా."

"ఏం పోయిందబ్బా, సినిమా తెర మాదిరిగా ఎలుగుతాంటే?" నా కళ్ళద్దాలు తీసుకుని తను పెట్టుకున్నాడు. తల పక్కకు వంచాడు. స్క్రీను వెలిగింది. నిటారు చేశాడు. ఆరిపోయింది. పది నిమిషాల సేపు ఆ గుట్టల మధ్య తల అటూ ఇటూ వంచుతూ నవ్వుతూనే ఉన్నాడు. "ఇంత రేటు పెట్టి చీకటి కొన్నావేంది అల్లుడూ!"

ఆ అద్దాలు వెలుతురును ఒక్క దిక్కులోనే రానిస్తాయని, స్క్రీను వెలుతురు ఇంకో దిక్కులో ఉందని ఒక రాతి చెక్క మీద గీసి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే మార్చాల్సింది స్క్రీను కాదు," అన్నాడు. నా మార్కుల పట్టికలో కళ్ళద్దాలకు గడి లేదు.

తర్వాత, ఎక్కడ బిగించాలన్నది. నేను హ్యాండిలుకు ఎడమ పక్కన అనుకున్నాను, చేతికి దగ్గరగా ఉంటుందని. ఆయన వద్దని అనలేదు. అక్కడే తాత్కాలికంగా కట్టి, నన్ను హెల్మెట్టుతో బండి మీద కూర్చోబెట్టి, ముప్పై అడుగుల దూరంలో పలక పట్టుకుని నిలబడ్డాడు. పలక మీద ఒక అంకె.

"చదువు."

"నాలుగు."

"ఇప్పుడు స్క్రీన్లో టైమెంతో చెప్పు."

తల వంచి చూసి చెప్పాను. తల ఎత్తేసరికి పలక మీద తొమ్మిది ఉంది.

"ఎప్పుడు మారింది?"

"చూడలేదు."

"నువ్వు చూడనప్పుడే గొడ్డు అడ్డమొచ్చేది."

క్లాంపు విప్పి కొంచెం పైకి జరిపాడు. మళ్ళీ పలక, మళ్ళీ అంకె. ఏడు సార్లు జరిపాడు. ఎనిమిదోసారి స్క్రీను మీటరుకు పైన, గాలి అద్దానికి కొంచెం దిగువన కుదిరింది. టైము చదువుతూనే, పలక మీద రెండును ఆయన బొటనవేలితో చెరపడం నాకు కనిపించింది. "ఆఁ. ఇప్పుడు రెండు కళ్ళూ పనిలో ఉండాయి," అన్నాడు. ఈ పరీక్షకు చదువుల్లో పెద్ద పేరే ఉంది. ఆయన దగ్గర దానికి ఒక విరిగిన పలక, బలపం సరిపోయాయి.

పద్నాలుగు వస్తువుల్లో ఏడు వెనక్కి వచ్చాయి. గాలి హారను మోగించి చూసి, "నల్లమలలో ఎలుగ్గొడ్లకి గుండె ఆగుతాది," అని పక్కన పెట్టాడు. దిక్సూచిని స్పీకరు అయస్కాంతం పక్కన పెట్టి గిరగిరా తిప్పించి నవ్వాడు. టీ కప్పు ఉంగరం దగ్గర మాత్రం నవ్వలేదు. "టీ తాగాలంటే దిగు. దిగితేనే నడుముకి ఊపిరాడేది." స్క్రీనుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, సొంత ఫ్యూజుతో, తాళం తీయగానే దానంతటదే ఆపేసే రిలే స్విచ్చుతో ఇచ్చాడు. కంపెనీ తీగల్లో ఒక్కటి కూడా కోయలేదు.

చివరి రోజు మరో రెండు అలవాట్లు చూశాను. పని ముగిశాక తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బాలోకి పనిముట్లు ఒక్కొక్కటే వేస్తూ పైకి లెక్కపెడతాడు. పదకొండు రావాలి. ఆ రోజు పది వచ్చాయి. నా బండి ట్యాంకు మళ్ళీ విప్పాడు, సీటు విప్పాడు. అత్త వచ్చి చెవి మీది టెస్టరు తీసి డబ్బాలో వేసింది. "పదకొండు," అన్నాడు, ఏమీ జరగనట్టు.

రెండోది, హ్యాండిలును ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పడం. మూడేసి సార్లు. తిప్పి, ట్యాంకు దగ్గరకు చెవి వంచి, తీగలను అడుగుతాడు: "ఇబ్బందా?" కొంచెం ఆగి ఆయనే చెబుతాడు: "లేదంట."

బండిని ఆయనే మా ఇంటికి తెచ్చాడు. అమ్మ గేటు దగ్గర నిలబడింది.

"సరేనా అన్నా?"

"సరే చెల్లెమ్మా. ఎట్ల పంపిస్తావో అట్లే వస్తాడు. పూచీ నాది."

"రాకపోతే?"

"నేనే పోయి తీసుకొస్తా."

"నీ మోపెడ్ మీదనా?"

"దానికి గూడా స్క్రీను ఉండాది!"

అమ్మ నవ్వింది. నేను ఆ నవ్వును అనుమతి కింద రాసుకున్నాను.

ఆ పన్నెండు రోజులూ సాయంత్రం ఆరింటికి ఫోను వచ్చేది. పలకరింపు లేదు. "ఇబ్బందా?" "లేదు మామా." పెట్టేసేవాడు. సముద్రం ఎలా ఉందని ఒక్కరోజూ అడగలేదు. పదమూడో రోజు బండి మా వీధిలోకి వచ్చేసరికి ఆయన మోపెడ్ గేటు ముందు ఉంది. నన్ను కాదు, ముందు హ్యాండిలును పట్టుకుని రెండు పక్కలా తిప్పి చూశాడు.

ఇదంతా ఆదివారం పొద్దున అమ్మ ఒళ్ళోంచి గాజు మళ్ళీ చేతిలోకి తీసుకుని గుర్తుచేసుకున్నాను. తీగ చుట్టకు కొలతగా అత్త గాజు వాడి ఉంటాడు, అది అర్థమైంది. హ్యాండిలు తిరిగినప్పుడు తీగ సాగడానికి ఆ మాత్రం చుట్ట కావాలి. కానీ కొలిచాక తీసేయాలి కదా. మరిచిపోయాడని అనుకుందామంటే, పదకొండు లెక్క తప్పితే సీటు దాకా విప్పిన మనిషి. పైగా గాజు పగలకుండా ట్యూబు పొర చుట్టి, దాని మీద టేపు వేశాడు. మరిచిపోయే వస్తువుకు ఎవరూ అంత పని చేయరు.

"పోయి వదినకి ఇచ్చిరా. ఆమెది ఆమెకి," అంది అమ్మ.

షెడ్డు తలుపు వేసి ఉంది. వెనక సందులో అత్త వాకిట్లో మోపెడ్ మీద దుప్పటి కప్పి ఉంది. అత్త చేతులకు ఇప్పుడు గాజులు లేవు. గాజు చూపించగానే నేనేమీ చెప్పకముందే నవ్వింది.

"దొరికిందా! ఇది ఎన్నోదబ్బా? నాలుగు పోయినాయి నావి."

"మరిచిపోయాడేమో అత్తా."

"ఆయనా? పదకొండు రాకపోతే అన్నానికి లేసేటోడు కాదు. ఎవురన్నా పిల్లోడు దూరం పోతాంటే, వాళ్ళమ్మకి ఈయన పూచీ ఇచ్చొచ్చేటోడు. ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకోని గాజు తీసేటోడు. ఏందయ్యా అంటే, నా మాట ఒక్కటే సాలదు, నీది గూడా ఒకటి ఉండనీ అంటాడు. కొత్తవి తెచ్చిపెట్టేది మాత్రం గుర్తుండేది కాదు."

"మిగతా మూడు?"

"ఎవురి బండ్లల్లో తిరుగుతాండాయో. పిల్లోళ్ళు మాత్రం అందరూ తిరిగొచ్చినారు. రాకుంటే నా చేతిలో అయిపోయేటోడు గదా." మళ్ళీ నవ్వింది. "మనిషి కొమరోలు నుంచి ఈ ఊరొచ్చినోడు, మళ్ళీ యాడికీ కదల్లా, నన్నూ కదలనియ్యలా. నా గాజు మాత్రం సముద్రం చూసొచ్చింది."

గాజును ఎడమ చేతికి వేసుకుంది. మోచేయి వైపు జరిపి, మణికట్టు దాకా దింపి చూసింది. కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత తీసి నా అరచేతిలో పెట్టింది.

"యాడ తీసినావో ఆడనే పెట్టు. ఈసారి యాడికి?"

"హిమాలయాలకు అత్తా."

"చలి బో ఉంటాదంటనే. ఇంకో పొర చుట్టు." గుమ్మం దాకా వచ్చింది. "మీ అమ్మకి చెప్పు. ఈసారి పూచీ నాదని."

అత్త మాట అమ్మకు చెప్పి, మధ్యాహ్నం కొత్త స్క్రీను బిగించాను, మీటరుకు పైన, పాత చోటే. అమ్మ చేతికి ఒక విరిగిన పలక ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టాను. ఆమె ఐదు రాసి, నేను చూస్తుండగానే చెరిపి ఎనిమిది చేసి, "కనపడిందా?" అని తనే ముందు అరిచింది. ట్యూబు పొర రెండోది చుట్టి, టేపు వేసి, గాజు చుట్టూ కొత్త తీగ తిప్పాను. ట్యాంకు దింపాను. పనిముట్లు లెక్కపెట్టాను. నావి పదిహేడు, పదిహేడూ ఉన్నాయి.

హ్యాండిలు ఎడమకు పూర్తిగా తిప్పాను. కుడికి పూర్తిగా. మూడేసి సార్లు. తల వంచి, ట్యాంకు దగ్గర చెవి పెట్టి అడిగాను.

"ఇబ్బందా?"

గేటు దగ్గర నుంచి, పలక చంకలో పెట్టుకుని, అమ్మ చెప్పింది.

"లేదంట."